ఎవరి మాట ప్రమాణం?

తమిళనాడులోని ధర్మపురి చుట్టుపక్కల చాలా పల్లెల్లో బోరు నీళ్ళు గ్లాసులో పోసి చూడండి. తేటగా ఉంటాయి, వాసన ఉండదు. కన్ను, ముక్కు, నాలుక మూడూ ఇవి మంచినీళ్ళనే చెబుతాయి. ఆ నీళ్ళతో పెరిగిన పిల్లల పళ్ళమీద గోధుమరంగు చారలు పడతాయి. ఏళ్ళ తరబడి తాగిన పెద్దల నడుము, మెడ బిగుసుకుపోతాయి.

మాది ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను. మా మేనత్తను అక్కడి పాలక్కోడు వైపు పల్లెకు ఇచ్చారు. ఆమె పళ్ళు చివరిదాకా తెల్లగానే ఉన్నాయి, కన్నపిల్లలందరికీ చారలు. ఊళ్ళో దానికి జవాబు సిద్ధంగా ఉండేది. అది ఆ వంశానికి తగిలిన శాపమట. రక్తం పంచుకు పుట్టినవాళ్ళకే గదా తగిలేది, బయటినుంచి వచ్చిన కోడలికెందుకు తగులుతుంది? ఈ వాదాన్ని మూఢత్వమని తోసేయడం నాకిష్టం లేదు. కళ్ళముందున్న ప్రతి సంగతికీ అది అతికినట్టు సరిపోయింది. తప్పు వాదాన్ని పట్టుకోవడం కష్టమయ్యేది అందుకే.

పదిహేడో శతాబ్దంలో మన తెలుగువాడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహంతోనే నేటికీ చాలామంది న్యాయశాస్త్రమనే తర్కవిద్య మొదలుపెడతారు. ఇలాంటి వాదాన్ని పట్టుకోవడానికి ఆ శాస్త్రపు పండితులైన నైయాయికులు ‘ఉపాధి’ అని ఒకటి చెబుతారు. నిప్పున్నచోటల్లా పొగ ఉంటుందనుకుంటాం. ఎర్రగా కాల్చిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే తడికట్టె కావాలి; దాన్నే మనం లెక్కలో వేసుకోలేదు. అలా లెక్కకు రాని షరతే ఉపాధి. మేనత్త ఇంట్లో ఆ తడికట్టె వయసు. చిగురు లోపల పన్ను తయారయ్యే చిన్నతనంలో ఆ బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్ ఎక్కువగా ఒంట్లో చేరితేనే ఈ చారలు వస్తాయి. పెళ్ళయి వచ్చిన కోడలి పళ్ళు అప్పటికే గట్టిపడి ఉంటాయి. శాపమా, నీళ్ళా అన్నది ఆమె రెండో కొడుకు పిల్లలు తేల్చారు. ఆ బావ ఉద్యోగానికి మేట్టూరు వెళ్ళి అక్కడే స్థిరపడ్డాడు. అదే వంశం, అదే రక్తం. కావేరి నీళ్ళతో పెరిగిన అతని పిల్లల పళ్ళమీద ఒక్క చార లేదు.

మన దేశంలో ఈ ఫ్లోరైడ్ జబ్బు గురించి 1937లో మొదటగా రాసిన షార్ట్, ఆయన తోటి వైద్యులు చూసింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలనే. అంతకు ముందే అక్కడి రైతులు తమ ఎద్దులు కీళ్ళు బిగిసి నడవలేకపోవడం గమనించారు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ ఎద్దులే. ఎద్దు కుంటితే పూర్వజన్మ పాపమని ఎవరికీ తోచదు. ఏం మేసింది, ఎక్కడ తాగింది అని చూస్తాం. మనిషి దగ్గరికి వచ్చేసరికి పాపమనే మాట ఎంత తేలిగ్గా నోటికొస్తుందో!

నేను కర్మను నమ్ముతాను. నా బాధకు నేను చెప్పుకుంటే అది ఓర్పునిచ్చింది, ఇస్తూనే ఉంది. పక్కింటాయన వంగిన నడుముకు నేను దాన్ని కారణంగా చెబితే అది క్రూరత్వం. పైగా ఎవరూ బావివైపు చూడకుండా చేస్తుంది.

జపాన్ రుణంతో కట్టిన హొగెనక్కల్ పథకం ద్వారా 2013లో కావేరి నీళ్ళు మా ధర్మపురి జిల్లాకు వచ్చాయి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత గీసింది. మా కొళాయిలో అంతకన్నా తక్కువే ఉందని నమ్ముతున్నాను, నేను కొలవలేదు. అంటే రోజూ పొద్దున్నే ఇంకొకరి మాట అనే శబ్ద ప్రమాణం మీదే కాఫీ పెట్టుకుంటున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడే ఆప్తుడని, అతని మాట ప్రమాణమని శాస్త్రం. మరి ఆప్తుణ్ణి గుర్తుపట్టడం ఎలా? నేను చూసేవి కొన్నే. తన మాట సరిచూసుకునే దారి చూపుతాడా? తప్పని తేలితే మార్చుకుంటాడా? నేను నమ్మితే అతనికేం లాభం?

ఆ మధ్య నీటి శుద్ధి యంత్రం అమ్మే అబ్బాయి వచ్చాడు. మా కొళాయి నీళ్ళలో రెండు లోహపు కడ్డీలు ముంచి కరెంటు పెట్టాడు. నీళ్ళు చూస్తుండగానే మురికిగా మారాయి. అవే కడ్డీలు ముంచినా అతని యంత్రపు నీళ్ళు తేటగానే ఉన్నాయి. పక్కింటివాళ్ళు భయపడ్డారు. నీళ్ళలో సహజంగా ఉండే లవణాల వల్ల కరెంటు పారి, ఇనుప కడ్డీయే కరిగి ఆ రంగు తెచ్చింది. లవణాలు తీసేసిన నీళ్ళలో కరెంటు సరిగా పారదు. అందులో ఫ్లోరైడ్ సంగతి ఏమీ లేదు. కళ్ళారా చూశామనే ధీమాతోనే చాలామంది కొనేస్తారు. వాట్సాప్‌లో వచ్చే వీడియోల పనీ ఇదే.

ఏటా హరూరు దగ్గర తీర్థమలై కొండగుడికి వెళతాను. హనుమంతుడు కాశీనుంచి గంగ తేవడం ఆలస్యమైతే పూజకోసం రాముడు బాణం వేసి కొండలోంచి నీళ్ళు రప్పించాడని స్థలపురాణం. ఆ రామతీర్థాన్ని కళ్ళకద్దుకుని తాగుతాను. అక్కడ నిలబడితే నా గొంతులో ఉన్న అహం దిగుతుంది. అది నాకు తెలుసు, ఇంకొకరికి రుజువు చేయవలసిన పని లేదు. ఆ తీర్థం మోకాళ్ళ నొప్పి తగ్గిస్తుందని ఎవరైనా అంటే మాత్రం అక్కడ ఉపాధిని వెతుకుతాను. ఈసారి నాతో వచ్చిన మనవరాలు అడిగింది: “అవ్వా, పరీక్ష చేయని నీళ్ళు తాగొద్దంటావే, మరి ఇవీ?” సబబైన ప్రశ్న. సీసాలో పట్టుకెళ్ళి ల్యాబులో ఇద్దాం పద అన్నాను. దానివల్ల రాముడికి వచ్చే లోటేమీ నాకు కనబడలేదు. ఫలితం ఏదొచ్చినా మళ్ళీ వెళతాను; దోసెడు తాగాలా, చుక్క నాలుకకు తాకించుకోవాలా అన్నది ఆ కాగితం చూసి తేల్చుకుంటాను.