మోటుపల్లి శాసనం, 540ఎన్‌ఆర్ పత్రం

అమెరికాలో ఏళ్లు గడిపి తిరిగొచ్చి హైదరాబాద్ శ్రీనగర్ కాలనీలో స్థిరపడిన మనిషికి కాలిఫోర్నియాలోని ఒక అపార్ట్‌మెంట్ల సముదాయంలో చిన్న వాటా మిగిలిపోయిందనుకుందాం. పేరుకు ఎల్‌ఎల్‌సీ, పన్ను లెక్కలో భాగస్వామ్యం. ఏటా అతనికి కె-1 అనే కాగితం వస్తుంది. లాభంలో తన పాలు ఎంతో అందులో ఉంటుంది. ఆ డబ్బు చేతికి రాకపోయినా పన్ను మాత్రం దాని మీదే. అమెరికా కేంద్ర ప్రభుత్వానికి ఒక రిటర్ను, మన దేశానికి ఒకటి వేశాక, కాలిఫోర్నియాకు 540ఎన్‌ఆర్ అనే నాన్‌రెసిడెంట్ రిటర్ను కూడా వేయాలి. ధర్మసందేహం ఈ మూడోదాని దగ్గరే వస్తుంది. తాను ఉండని, ఓటు లేని రాష్ట్రానికి అతను నిజంగా బాకీ ఉన్నాడా, లేక నోటీసు వస్తుందన్న భయంతోనే కడుతున్నాడా? బాకీ ఉన్నాడనే నేనంటాను.

దేవ, ఋషి, పితృ ఋణాల పక్కన సర్కారు బాకీని మనవాళ్లు చేర్చలేదు. అయినా పన్నును దోపిడీ అనలేదు, రక్షణకు ఇచ్చే జీతంగా చూశారు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో అడవిలో గింజలు ఏరుకుని బతికే మునులు సైతం తమను కాపాడేవాడి భాగమని ఆరోవంతు తీసి ఇస్తారు. అదే గ్రంథంలో సరిహద్దు కాసే అంతపాలుడు బండ్ల మీద వర్తని అనే సుంకం వసూలు చేస్తాడు. దారిలో సరుకు పోతే ఆ నష్టం భరించాల్సిందీ అతనే. మనకు ఇంకా దగ్గరి సాక్ష్యం మోటుపల్లి రేవుది. ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే అంతకుముందు రాజులు దాన్ని స్వాధీనం చేసుకునేవారు. 1244లో కాకతి గణపతిదేవుడు అభయ శాసనం వేయించి, నిర్ణీత సుంకం తప్ప మరేమీ ముట్టనని సముద్ర వర్తకులకు మాటిచ్చాడు. ఆ వర్తకుల్లో ఎందరో అతని రాజధాని ఓరుగల్లు ముఖమైనా చూసి ఉండరు. వాళ్లు సుంకమిచ్చింది ఆ రేవులో తమ సొత్తుకు దొరికిన అభయానికి. అపార్ట్‌మెంట్ల సంగతీ అంతే. అద్దె ఎగ్గొడితే విచారించే కోర్టు, మంటలు లేస్తే పరుగెత్తుకొచ్చే ఫైరింజను అక్కడివి, శ్రీనగర్ కాలనీవి కావు. ఇల్లినాయ్‌లో ఉంటూ ఓక్లహోమా చమురు మీద ఆర్జించిన వ్యక్తి ఇదే ప్రశ్నతో కోర్టుకెక్కితే, 1920లో అమెరికా సుప్రీంకోర్టు ఓక్లహోమా పక్షానే నిలిచింది.

నేనక్కడ ఏ పనీ చేయలేదు, డబ్బు పెట్టానంతే అని భాగస్తుడు అనవచ్చు. భాగస్వామ్యమంటేనే ఒకరు చేసింది అందరూ చేసినట్టు కావడం. లాభం పంచుకునేటప్పుడు ఈ అభ్యంతరం ఎవరికీ గుర్తురాదు. మన దగ్గర రాష్ట్రానికి వేరే రిటర్ను వేసే చిక్కే లేదు కదా అనీ అనవచ్చు. నిజమే. వ్యవసాయాన్ని మినహాయిస్తే ఆదాయం మీద పన్ను కేంద్రానిదే, దాన్ని కూడా ఫర్మే కడుతుంది. భాగస్తుడి వాటాకు ఆదాయపు పన్ను చట్టంలో మినహాయింపు ఉంది. విజయవాడ ఫర్మ్‌లో వాటా ఉన్న హైదరాబాదీ ఆంధ్రప్రదేశ్‌కు ఆదాయపు పన్ను రిటర్ను వేయడు. కానీ ఇక్కడ మారింది బాకీని కౌంటరు దాకా మోసే మనిషి మాత్రమే.

ఓటు ప్రశ్నే గట్టిది. చట్టసభలో తన మాట లేనిచోట పన్ను కట్టడం దాస్యం కాదా? మోటుపల్లి వర్తకుడికీ రాజసభలో మాట లేదు. అతనికి ఉన్నదల్లా రాతి మీద చెక్కిన హద్దు. బయటివాడికి ధర్మం బాకీపడేది ఆ హద్దే: ఇంతకు మించి తీసుకోననీ, లోపలివాడికన్నా హీనంగా చూడననీ ఇచ్చే హామీ. స్థానికులకిచ్చే మినహాయింపుల్ని బయటివారికి నిరాకరించిన న్యూయార్క్‌ను అదే 1920లో అమెరికా సుప్రీంకోర్టు తప్పుపట్టింది. ఆ సమానత్వం కూడా లేకపోతే ఇది దోపిడీయేనని ఒప్పుకుంటాను. రెండుచోట్లా కట్టాల్సి రావడం వేరే సమస్య. 2015లో మేరీలాండ్ విషయంలో కోర్టు, తన నివాసి బయట కట్టిన పన్నును పూర్తిగా లెక్కలోకి తీసుకోనందుకు సొంత రాష్ట్రాన్నే తప్పుపట్టింది. ఆదాయం పుట్టినచోటుది మొదటి హక్కు. సర్దుబాటు చేయాల్సింది ఇంటివైపు ప్రభుత్వం. 1989 నాటి భారత-అమెరికా ఒప్పందం అమెరికా కేంద్ర పన్నునే లెక్కలోకి తీసుకుంటుంది, రాష్ట్రాల పన్నును వదిలేసింది. కాబట్టి మన శ్రీనగర్ కాలనీ భాగస్తుడి ఫిర్యాదు న్యాయమైనదే, కానీ అది వెళ్లాల్సింది కాలిఫోర్నియాకు కాదు, ఢిల్లీకి.