వేగంతో ఆట

పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని సామెత. పరిగెడితే పాలకోసం, నిలబడితే నీళ్ళకోసం. ప్రతి కదలికకీ ఒక ఫలం ఉండాలన్నమాట. ఊరికే పరిగెడతాను, ఊరికే ఆగుతాను అనే మనిషికి ఇందులో చోటు లేదు. ఆ మనిషి స్త్రీ అయితే?

పరుగులో 'ఫార్ట్‌లెక్' అని ఒక పద్ధతి ఉంది. స్వీడిష్ భాషలో ఆ మాటకి 'వేగంతో ఆట' అని అర్థం. 1930లలో యోస్టా హోల్మేర్ అనే స్వీడన్ కోచ్ దాన్ని రూపొందించాడు. ఆ చెట్టుదాకా జోరుగా, ఆ మలుపుదాకా నెమ్మదిగా, ఊపిరి అందాక మళ్ళీ జోరుగా... ఎక్కడ పెంచాలో ఎక్కడ తగ్గించాలో ఆ క్షణాన శరీరమే తేల్చుకుంటుంది. చిన్నప్పుడు మనం పరిగెత్తింది ఇలాగే. 'పెద్దమనిషి అయింది' అన్న ఒక్క మాటతో తొక్కుడుబిళ్ళతో పాటు అదీ ఆగిపోయింది.

నేను తెల్లవారుజామున కొండాపూర్ నుంచి హైటెక్ సిటీ వైపు పరిగెడుతుంటాను. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పటి నుంచీ ఈ ప్రాంతానిది ఒకటే తొందర. ఇక్కడ వ్యాయామం కూడా ఉద్యోగంలాగే నడుస్తుంది. చేతి వాచీలో టార్గెట్లు, కిలోమీటర్లు, గుండె లెక్కలు. ఆరోగ్యం పేరుతో శరీరాన్ని మళ్ళీ పనికే సిద్ధం చేస్తున్నాం. ఈ లెక్కల మధ్య ఆట ఒక చిన్న ధిక్కారంలా అనిపిస్తుంది నాకు.

అయితే ఈ రోడ్ల మీద స్త్రీలు వేగం మార్చుకోవడం కొత్తేమీ కాదు. దీపం లేనిచోట అడుగులు వాటంతటవే జోరందుకుంటాయి. వెనక వస్తున్న బండి నెమ్మదిస్తే మనం పరిగెడతాం. జనం కనబడ్డాక నడుస్తాం. చూసేవాళ్ళకి ఇదీ ఫార్ట్‌లెక్కే! ఆ మార్పుని ఎవరు నిర్ణయించారన్న దగ్గరే ఆటకీ భయానికీ తేడా.

2013 అక్టోబరులో హైటెక్ సిటీ దగ్గర క్యాబ్ ఎక్కిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని మీద అత్యాచారం జరిగింది. 2014 అక్టోబరులో షీ టీమ్స్ వచ్చాయి. రక్షణ అవసరమే. కానీ రక్షణ భాషలో స్త్రీ ఎప్పుడూ ఎక్కడికో వెళ్తూనే ఉండాలి - ఆఫీసుకో, హాస్టల్‌కో, ఇంటికో. 'ఎక్కడికీ లేదు, ఊరికే' అన్న జవాబు అందులో ఇమడదు. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే ముంబయి స్త్రీల గురించి 2011లో తెచ్చిన 'వై లాయిటర్?' పుస్తకం కోరింది ఈ 'ఊరికే' ఉండే హక్కునే.

స్త్రీలు పరిగెత్తలేరని ఇప్పుడెవరూ పైకి అనరు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో 800 మీటర్లు పరిగెత్తిన స్త్రీలు సొమ్మసిల్లి పడిపోయారని పత్రికలు గగ్గోలు పెట్టాయి. మళ్ళీ 1960 దాకా వాళ్ళకి ఆ పోటీయే లేదు. మారథాన్ 1984లో గానీ దక్కలేదు. పోరాడి వేగాన్ని సాధించుకున్నాం. నిదానం మాత్రం ఇంకా మన చేతికి రాలేదు.

అదే వేళకి మునిసిపల్ కార్మికురాళ్ళు ఈ రోడ్లు ఊడుస్తుంటారు. వాళ్ళ ముందు ఆట గురించి మాట్లాడటం విలాసం కాదా? న్యాయమైన ప్రశ్నే. నా అలసట నేను ఎంచుకున్నది, వాళ్ళది కాదు. కానీ నాకు బూట్లు ఇచ్చే అనుమతినే వాళ్ళకి చీపురు ఇస్తోంది. చీపురు పక్కనపెట్టి కాసేపు గట్టుమీద కూర్చుంటే సంజాయిషీ చెప్పుకోవలసింది వాళ్ళే. ఆటని విలాసమని వదిలేస్తే, తీరిక కొందరి సొత్తేనన్న పాత పంపకాన్ని ఒప్పుకున్నట్టవుతుంది. నేను పరిగెడుతున్న గంటలో నా వంటింట్లో ఎవరి చేతులు పనిచేస్తున్నాయన్నదీ ఆ పంపకంలో భాగమే.

ఒక రోడ్డు స్త్రీలదో కాదో తేల్చడానికి నాకు తోచిన కొలత ఒకటే. దాని మీద ఎంతమంది ఆడవాళ్ళు ఎంత వేగంగా వెళ్తున్నారని అడగను. మధ్యలో ఎవరైనా అడుగు తగ్గించి, ఎవరికీ కారణం చెప్పకుండా ఆగగలుగుతున్నారా అని అడుగుతాను.