పెరటి పాదు

మనుష్యుడు తాను తినెడి అన్నము ఎచ్చట పుట్టినదో ఎరిగియుండుట ధర్మమా, లేక కేవలము వేడుకయా? ఈ ప్రశ్న నాకు పుస్తకములలో పుట్టలేదు; జమ్మలమడుగులోని మా పెరటిలో పుట్టినది.

మా ప్రాంతమున రాతికి కొదువ లేదు. నాపరాయి చౌక, నునుపు, కడుగుటకు సులభము. బురద యుండదను సంతోషముతో పదునైదేండ్ల క్రిందట నేను పెరడంతయు బండలు పరపించితిని. అంతకు పూర్వమచ్చట మా తల్లి నాటిన సొరతీగయు, కరివేపచెట్టును, మునగయు నుండెడివి. స్నానపు నీరు చిన్నకాలువయై పాదులను తడిపెడిది. బండలు పరచిన పిమ్మట ఆ నీరు వీధిమురుగులో కలిసినది. కరివేపాకునకు సైతము అంగడికి పోవలసివచ్చినది. శుభ్రత యనుకొన్న దానిలో ఇంత నష్టము దాగియున్నదని తెలియుటకు నాకు చాలకాలము పట్టినది.

ఈ సీమవారి పూర్వాహారము కొర్ర, జొన్న, రాగి. వాన తక్కువైనను పండునవి యివి. పందొమ్మిదవ శతాబ్దమున త్రవ్వబడిన కర్నూలు-కడప కాలువ క్రింద వరి పండినను, వరియన్నము చాలకాలము కలిగినవారి యింటి గౌరవముగనే యుండెను. 1983లో నందమూరి తారక రామారావు ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యమీయ నారంభించినపుడు ఆ గౌరవము పేదయింటికిని వచ్చినది. దానిని నేను నిందింపను. ఆకలిగొన్నవాని కడుపు నిండుట మొదటి ధర్మము. అయితే దానితోపాటు సంగటి తినుట సిగ్గయినది. ఇంటిలో సంగటి తిని వచ్చితినని చెప్పుటకు తలవంచుకొనెడి బాలురను నా తరగతిలోనే చూచితిని. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. నేడు అదే కొర్ర పొట్లములలో చేరి, మధుమేహమునకు పథ్యమను పేరున బియ్యముకంటె హెచ్చు వెలకు అమ్ముడుపోవుచున్నది. ధాన్యము మారలేదు, దానిని తినువారి అంతస్తును చూచి మన మర్యాద మారినది. అన్నమును నిందింపరాదని తైత్తిరీయమున భృగువల్లి విధించిన వ్రతమును వల్లించువారమే దానిని తప్పితిమి.

అట్లని, ఊరి పంట తప్ప వేరొకటి ముట్టననుట వివేకమా? మన కారమునకు మూలమైన మిరప, మన మెట్టచేలను నింపిన వేరుసెనగ, రెండును అమెరికా ఖండమునుండి సముద్రము దాటి వచ్చినవే. 1876-78 నాటి ధాతకరవున మద్రాసు రాజధానిలోని మెట్టసీమలు మాడిపోయినపుడు, ఊరి పంటనే నమ్ముకొన్నవారికి బయటి ధాన్యమే ప్రాణాధారము. కావున దూరపు గింజను ద్వేషించుట ధర్మము గాదు. దానిపైననే సర్వభారము వేసి చేతులు ముడుచుకొనుటయు ధర్మము గాదు. 1946లో ఆహారసంక్షోభము కలిగినపుడు పూలతోటలలో సైతము తిండిపంటలు వేయవలెనని గాంధీమహాత్ముడు సూచించెను. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైన పిమ్మట దిగుమతులు సన్నగిల్లగా, క్యూబాలో హవానా పౌరులు ఖాళీస్థలములలో కూరగాయలు పండించుకొనిరి. ఆపద వచ్చినపుడు నేర్చిన విద్యను ఆపద తీరగానే మరచుట లోకస్వభావము.

నిరుడు నేను ఆరు బండలు పెకలించి, క్రింది మన్నును త్రవ్వి, ఎరువు కలిపి, సొర, బీర, చిక్కుడు గింజలు పెట్టితిని. ఆ సాయంకాలము ఇంటివారి యెదుట స్వయంపోషణమును గూర్చి దీర్ఘముగా ఉపన్యసించుచుండగా నా భార్య, "పాదు పెట్టినది మీరు, నీళ్లు పోసేదెవరు?" అని యడిగినది. నాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. సంస్కరణములని మనము పూనెడి వ్రతములలో ఎన్నింటి బరువు స్త్రీల నడుముపై పడుచున్నదో అప్పుడు తోచినది. నాటినుండి పాత్రలు కడిగిన నీటిని తెల్లవారుజామున నేనే మోయుచున్నాను. వేసవిలో పెన్న ఇసుకమేటగా మిగులు ఈ యూర త్రాగునీటిని తీగకు పోయుట పాపము. వాడిన నీరే దానికి చాలును.

సొర విరగకాచినది. గోడకావలి యింటివారు ఒంటిగది అద్దెకాపురమువారు. వారికి పెరడు లేదు. రెండు కాయలు గోడమీదుగా అందించితిమి. మరునాడు వారు ఆ కాయతోనే కూర వండి గిన్నెలో పంపిరి. మా యింటి పెద్దలలో ఒకరు వారి కులము తలచి గిన్నెను తాకుటకు సంకోచించిరి. పచ్చికాయను ఇచ్చుటకు అడ్డురాని ఆచారము, వండిన కూరను పుచ్చుకొనుటకు అడ్డువచ్చినది! నేనా పూట ఆ గిన్నె తీసికొని మొదట వడ్డించుకొంటిని. పిల్లలు నా తరువాత తినిరి. ఆ పెద్దవారు ఆ దినము తినలేదు. నెల తరువాత పంపిన చిక్కుడుకూరను మాత్రము కాదనలేదు.

పెరటి పాదు దేశపు టాకలిని తీర్చునని నేను చెప్పజాలను. మా పెరటి కాపు మా యింటికే వారమునకు రెండు పూటలకు మించి చాలదు. ఐనను, తినెడి ముద్ద వెనుక ఎంత నీరు, ఎవరి శ్రమ, ఎవరి సహనము కలదో అది నాకు నేర్పినది. అన్నమును సమృద్ధి చేయుమన్న భృగువల్లియే, ఇంటికి వచ్చినవానిని కాదనవలదనియు చెప్పినది. మొదటిదానికి ఆరు బండలు తొలగించిన చాలినది. రెండవదానికి తొలగింపవలసిన బండలు మా యింటిలో ఇంకను మిగిలియున్నవి.