పరిచర్యయు పసిబిడ్డ యాకలియు

తెలిసినదానిని చెప్పినంత మాత్రమున ధర్మము తీరునా? ఇది తత్త్వవిచారమున మాత్రమే పుట్టు ప్రశ్న కాదు. ప్రసూతి వార్డులో బాలింత మంచము ప్రక్కన నిలిచిన ప్రతి నర్సునకును దినదినము ఎదురగు ప్రశ్న.

బిడ్డ పుట్టిన గంటలోపల తల్లిపాలు పట్టవలెననియు, ఆరు మాసములు నిండువరకు నీటిచుక్కయైనను వలదనియు, పిదప మెత్తని ఆహారముతోపాటు రెండేండ్లు, అంతకు మించియు తల్లిపాలు కొనసాగింపవచ్చుననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. నర్సింగు విద్యార్థిని దీనిని కంఠస్థము చేయును. అయినను 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలను చూడుడు. మన దేశమున నూటికి 88.6 కాన్పులు ఆసుపత్రులలోనే జరిగినవి. తొలిగంటలో పాలు త్రాగిన శిశువులు మాత్రము నూటికి 41.8. తల్లి అచ్చటనే యున్నది, బిడ్డ అచ్చటనే యున్నది, తెలిసినవారును అచ్చటనే యున్నారు. మరి లోపమెక్కడ?

ముర్రుపాలు పిండి పారబోసి, తేనెయో బెల్లపునీరో నాలుకకు రాయు పాత ఆచారమును నిందించుట సులభము. నిందింపదగినదే, సందేహము లేదు. ఆ ముర్రుపాలలోనే బిడ్డను రోగములనుండి కాచు శక్తి కలదు. కాని కడుపుకోతతో కన్న తల్లి ప్రక్కకు ఒత్తిగిలలేక మూల్గుచుండగా, బిడ్డను ఎత్తి రొమ్మునకు చేర్చు చేయి ఒకటి కావలయును. ఒక్క నర్సు పలువురు బాలింతలను చూడవలసినచోట ఆ చేయి అందదు. అప్పుడు గోడమీది పటము మాత్రమే ఉపదేశించును.

ఫ్లారెన్సు నైటింగేలు 1859లో వెలువరించిన పరిచర్యా గ్రంథమున, ఆహారము సమృద్ధిగా నున్నచోటనే రోగులు పస్తులుండుటను గూర్చి వాపోయినది. ఎప్పుడు తినగలరో, ఎట్లు తినగలరో గమనించువారు లేకపోవుటయే దానికి కారణమని యామె తలంపు. నేడు సమగ్ర పరిచర్య యను పేర బోధించు విద్యకు ప్రాణము ఈ గమనించుటయే. శరీరముతోపాటు మనస్సును, ఇంటిని, కూలిని, భయమును గూడ చూడుమని ఆ విద్య చెప్పును. పరీక్షలో స్తన్యపాన ప్రయోజనములు పది వ్రాసినదానికి మార్కులు వేయుట సులభము. బాలింత చెంత అరగంట ఓపికగా కూర్చున్నదానికి వేయుట కష్టము. పంతుళ్లకు ఈ సంగతి చక్కగా తెలియును.

నర్సునందు తల్లికుండు నమ్మకము మిక్కిలి గొప్పది. దానిని వ్యాపారులు ముందే కనిపెట్టిరి. నర్సుల వేషమున స్త్రీలను పంపి, పాలున్న తల్లులకే డబ్బాపాలు అంటగట్టిన కాలమొకటి కలదు. 1939లో సింగపూరులో డాక్టరు సిసిలీ విలియమ్సు ఇట్టి ప్రచారమును హత్యతో సమానమని నిర్భయముగా పలికినది. 1981లో అంతర్జాతీయ నియమావళి ఏర్పడినది. 1992లో మన దేశము చట్టము చేసి, శిశువుల డబ్బాపాల ప్రకటనలను, ఉచిత నమూనాలను నిషేధించినది.

అయితే చట్టము తీర్పలేని చిక్కు వేరొకటి కలదు. నిజముగనే పాలు చాలని తల్లి యుండును. తల్లిలేని బిడ్డ యుండును. అట్టిచోట తల్లిపాలు అమృతమని మరల మరల చెప్పుట సత్యమే యైనను, వినువారికి శూలపుపోటు. సత్యము పలికితినను తృప్తి పలికినవారికి దక్కును. ఆకలి మాత్రము బిడ్డకు మిగులును. దీనిని ధర్మమని నేననజాలను.

2017 నుండి పదిమందికి తక్కువ కాని సంస్థలలో ఉద్యోగినులకు మొదటి రెండు కాన్పులకు 26 వారముల వేతన సెలవు చట్టము కల్పించినది. కలుపుతీయు కూలితల్లికి అది లేదు. రెండవ మాసముననే ఆమె చేనికి పోవలయును. సమగ్రముగా నేర్చిన నర్సు ఆమెకు ఆరుమాసముల పాఠమును అప్పజెప్పి వెడలిపోదు. ఎన్నింటికి పోవుదువు, ఎన్నింటికి వత్తువు, ఇంట నెవరుందురని ముందు అడుగును. చేతులు కడిగి పాలు పిండి, శుభ్రమైన గిన్నెలో మూతపెట్టి యుంచుట చూపును. పాలసీసా వలదని చెప్పి, అటకమీది పాత ఉగ్గుగిన్నెను దింపించి, మరిగించి, దానితో కొంచెము కొంచెముగా పట్టుటను ఇంటనున్న అవ్వకు నేర్పును.