మార్చినవాని బాధ్యత

తన సొత్తును తన యిష్టము వచ్చినట్లు మార్చుకొనుటకు మనుష్యునకు హక్కు కలదా? కలదనియే లోకము చెప్పును. తన యింటిగోడకు దాను గోరిన రంగు వేసికొనువానిని మన మెవ్వరమును బ్రశ్నింపము. కాని, మార్చిన పిదప నా వస్తువు చెడునడత నడచినచో, దానికి గారణము నెచ్చట వెదకవలయును? ఆ చెడునడత ఫలము నెవ్వరు భరింపవలయును? ఈ ప్రశ్న నాకు గ్రంథములలో దొరకినది కాదు. సికింద్రాబాదునకు నుత్తరముననున్న అల్వాలులో, వీథివెంట బోవు కార్లే దీనిని నా ముందు బెట్టినవి.

హైదరాబాదునుండి కరీంనగరముమీదుగా రామగుండమునకు బోవు రాజీవు రహదారి లోతుకుంట, అల్వాలు, బొల్లారముల మీదుగా సాగును. సాయంకాలమున నచ్చట నిలిచి చూచినచో, నిర్మాత యిచ్చిన యెత్తునుండి ఒకటి రెండంగుళములు నేలకు దింపబడి, 14 అంగుళముల చక్రములకు బదులు 16, 17 అంగుళముల చక్రములు దొడిగికొని పోవు చిన్నకార్లు కనబడును. వానిలో రబ్బరు పలుచన, రిమ్ము విశాలము. ఈ వేడుకను నేను నిందింపను. సొగసుకోరుట యువకుల తప్పు కాదు. పెద్దలకు నా జబ్బు లేకపోలేదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొఱకు దెప్పింపదలచిన రోల్సురాయిసు కారులో వెనుకటి యాసనమును సింహాసనమువలె నెత్తుగా నమర్చిరి. ఆనాడు డాబు ఎత్తున నుండెను. ఈనాడది నేలకు దిగినది.

ఇట్లు మార్పించిన యువకు డొకడు, మా వీథివాడే, కొన్ని మాసములనుండి యొక బాధను జెప్పుచుండెను. ఊరిలో మెల్లగా బోవునపుడు బండి బాగుగనే యుండును. శామీరుపేట దిక్కున రోడ్డు తెఱపియై, వేగము గంటకు 80 కిలోమీటర్లు దాటగనే బండి తేలుచున్నట్లుండును. ఒక ప్రక్కకే లాగిన నది వేఱు సంగతి. ఇది యొకమాఱు కుడికి, ఒకమాఱు ఎడమకు దొలగును. స్టీరింగును క్షణక్షణము దిద్దుచునే యుండవలయును. దీనికి గారణము లతడు వరుసగా జెప్పెను: రోడ్డు చెడ్డది, గాలి యెక్కువ, టైరులమ్మినవాడు మోసగాడు, కారు చేసినవారికి శ్రద్ధ లేదు. తాను మార్పించిన సంగతి యీ పట్టికలో లేనే లేదు.

మన పూర్వులు దేహమును రథముతోను, ఇంద్రియములను గుఱ్ఱములతోను, బుద్ధిని సారథితోను బోల్చిరి. కఠోపనిషత్తులోని యా పోలిక మనకు జిరపరిచితము. దాని బలమున గుఱ్ఱములను నిందించుటయు, సారథిని హెచ్చరించుటయు మన కలవాటైపోయినవి. ఇరుసును బరీక్షింపుమని చెప్పు నుపన్యాసకుని మాత్రము నేనింతవఱకు వినలేదు. కావున నిరుసు దగ్గఱకే పోవుదము.

తిన్నగా బోవుట కారునకు స్వభావమని మన మనుకొందుము. నిజమునకది యేర్పాటు. ముందుచక్రములు తిరుగు గీత నిట్టనిలువుగా నుండక, పైభాగము కొంచెము వెనుకకు వాలియుండును. సైకిలు ముందుఫోర్కు వాలియుండుటను మీరు చూచియే యుందురు. ఈ వాలునే క్యాస్టరందురు. దీనివలననే స్టీరింగును వదలినను చక్రము తనంత దాను నడిమికి వచ్చును. రెండవది టో. కాడికి గట్టిన యెడ్లజతను దలచుకొనుడు. రెండును ముఖములు కొంచెము లోపలికి ద్రిప్పి నడచినచో, ఒకదాని యొత్తిడి మఱియొకదానిని సరిదిద్దును. రెండును బయటికి ముఖములు ద్రిప్పినచో నేమగును? ఏ క్షణమున దేనికి బట్టు చిక్కునో యదియే బండిని దన ప్రక్కకు లాగికొనిపోవును. మూడవది క్యాంబరు, అనగా ముందునుండి చూచినపుడు చక్రము లోపలికి గాని బయటికి గాని యొరగియుండుట. నిర్మాత యీ మూడింటిని ఒక నియతమైన యెత్తునకు సరిపఱచి యిచ్చును. ఆ యెత్తే యీ యొడంబడికకు బునాది.

ఎత్తును దింపినపుడేమి జరుగును? చక్రమును పట్టియుంచు క్రిందిచేయి యొక కీలునుండియు, చక్రమును త్రిప్పు టైరాడ్డు మఱియొక కీలునుండియు వ్రేలాడుచు, చక్రము పైకిని క్రిందికిని గదలినపు డవి రెండును చెఱియొక వంపు గీయును. మొదటి యెత్తున నా రెండు వంపులు జంటగా నడచును. ఎత్తు తగ్గిన పిదప వాని పొత్తు చెడును. చక్రముల పైభాగములు లోపలికి వాలును. పెక్కు కార్లలో టో బయటికి దెఱచుకొనును. అంతకంటె విషమమైన దింకొకటి కలదు. ప్రతి గుంతలోను చక్రము లేచి దిగునపుడు, డ్రైవరు చేయి కదలకుండగనే చక్రము తనంతట దాను దిరుగును. దీనిని బంప్ స్టీరందురు. స్ప్రింగును గ్యాసుమంటతో గోసి పొట్టిచేసినచో చిక్కు లింకను పెరుగును. చక్రము వ్రేలాడినపుడు స్ప్రింగు తన గూటినుండి తప్పిపోవుటయు గలదు.

పెద్దచక్రముల పాలును గలదు. వెడల్పు రిమ్ము తఱచుగా వెలుపలికి జరిగి కూర్చుండును. చక్రము వెలుపలికి జరిగినకొలది, రోడ్డుమీది ప్రతి మిట్టకును స్టీరింగును గుంజుటకు బొడవైన మీట దొరకినట్లగును. వెడల్పైన పలుచని టైరు రోడ్డులోని పొడుగుగాడులను బట్టికొని పోవ జూచును. బరువులారీలు నడచిన రోడ్డున నీ గాడులకు గొదువలేదు.

ఇక పరీక్ష. ఇది కష్టమైన విద్య కాదు. కష్టమంతయు మనస్సునందే యున్నది. ముందు నాలుగు టైరులలో గాలి చూడవలయును. టైరు కొలత మాఱినపు డొత్తిడియు మఱల నిర్ణయింపవలయునని పలువు రెఱుగరు. పిమ్మట పాతచక్రములను దెచ్చి యొక దినము తొడిగి, అదే రోడ్డున, అదే వేగమున నడపవలయును. తేలుట మానినచో దోషము చక్రములది. మానకున్న నెత్తుది, లేదా యరిగిన కీళ్లది. టైరాడ్డు కొనలు, బాల్‌జాయింట్లు, బుష్షులు, స్టీరింగు ర్యాకు — వీనిలో వదులున్నదేమో చేతితో గదలించి చూడవలయును. ఏలయన, ముందునుండియే యరిగియున్న కీలు చిన్నచక్రముతో నోర్చుకొని, పెద్దచక్రముతో బయటపడవచ్చును. అప్పుడు గాని కొలతయంత్రము నొద్దకు బోరాదు. ఒక్కొక్క పరీక్షలో నొక్కటియే మార్చవలయునన్నది నియమము. నాలుగును ఒక్కసారి మార్చినవానికి రోగము పోయినను గారణము దెలియదు.

మా యువకుడు పాతచక్రములను దొడుగుట కిష్టపడలేదు. అవి యటకమీదనే యున్నవి, అరపూట పని. అయినను వారములు గడచెను. మనుష్యుడు తాను ప్రేమించినదానిని విచారణకు దీసికొనిరాడు. ద్వేషించువాని నందఱికంటె ముందు సాక్షిబోనులో నిలువబెట్టును. అతడు నేరుగా వీల్ అలైన్‌మెంటు చేయించుకొని, యొక కాగితము తెచ్చి నాకు జూపెను. అందు టో అంకెలు పచ్చగాను, క్యాంబరు అంకెలు ఎఱ్ఱగాను నుండెను. మన దేశమున నమ్ముడుపోవు చిన్నకార్లలో పెక్కింటికి ముందుచక్రముల టోను మాత్రమే సవరింప వీలగును. క్యాంబరు, క్యాస్టరులను ద్రిప్పుటకు మరయే యుండదు. కావున మిస్త్రీ త్రిప్పగలిగినది త్రిప్పి, త్రిప్పలేనిదానిని గూర్చి మౌనము వహించెను. యువకుడు పచ్చయంకెలను జదివి, కాగితము మడచి జేబులో నుంచుకొనెను. ఆ పచ్చయంకెలైనను నిలుచున్న బండివి. గుంతలలో లేచి దిగుచు బోవు బండి నడవడిని నిలుచున్న బండి కొలత పూర్తిగా జెప్పజాలదు.

ఇంతకంటె భయంకరమైనది చేతుల యలవాటు. నెలదినములు దిద్దుచు నడపినవానికి, తాను దిద్దుచున్నానన్న స్మరణయే యుండదు. దోషము పోలేదు; దానిని గుర్తించు శక్తి పోయినది. ఒకనాడు తమ్ముడో భార్యయో యా బండి నడపవచ్చును. లేదా భార్యాబిడ్డలతో బోవు స్కూటరువాడు హఠాత్తుగా నడ్డము రావచ్చును. గోడరంగుతో నేను జేసిన పోలిక యిచ్చట చెల్లదు. గోడ యెక్కడికిని బోదు. బండి పరుల ప్రాణముల నడుమనుండి పోవును. కారు తనదే, రోడ్డు తనది కాదు.

రిజిస్ట్రేషను పత్రములోని వివరములు నిర్మాత మొదట దెలిపినవానితో భేదించునట్లు బండిని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనులో జెప్పుచున్నది. ఈ సెక్షనును గట్టిగా బాటింపవలయునని సుప్రీముకోర్టు 2019 జనవరిలో కేరళనుండి వచ్చిన వ్యాజ్యెములో దీర్పు చెప్పెను. చట్టము మంచిదే. అయినను చట్టమునకు లోబడిన మార్పుచేసి, ఫలమును గొలువక రోడ్డెక్కువానిని నేను నిర్దోషియనజాలను.

ఇచ్చట పెద్దలు కొందఱు చిఱునవ్వు నవ్వుదురు. “చూచితిరా! పెట్టినది పెట్టినట్లుంచుకొన్న నీ బాధయే లేదు గదా” యందురు. ఈ మాట కార్లను గూర్చి చెప్పినదే యైనను, వారి చూపు మఱియొక దిక్కున నుండునని నేనెఱుగుదును. వారికి నా యుత్తర మిది. 1881 డిసెంబరులో కందుకూరి వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహమును జరిపించిరి. ఆ మార్పువలన నెన్ని కీళ్లు కదలినవి! వెలి, దంపతుల నిలువనీడ, వారి జీవనము — అన్నియు నాయన నెత్తిమీద బడెను. కాకినాడవాసి పైడా రామకృష్ణయ్యగారి ధనసహాయము లేకున్న నా కార్యము నిలుచుటయే కష్టము. వీరేశలింగముగారు ముహూర్తమగుటతో దన పని యయ్యెనని యింటికి బోయి పరుండలేదు. ఒక్కటి మార్చి, దానితో ముడివడిన ప్రతిదానిని వెంబడించిరి. రామగుండము లారీలు పోవు రోడ్డున కారు దింపినవానికిని, శాస్త్రము దిద్దినవానికిని నే నడుగు ప్రశ్న యొక్కటే: పిమ్మట కొలిచితివా?

మార్చుటకు ముందే సర్వఫలములను నెఱుగవలయునని నేననుట లేదు. అట్లయిన నెవ్వడును దేనిని ముట్టజాలడు. రెండు వంపుల లెక్క పందొమ్మిదేండ్ల బాలునకు దెలియకపోవుట క్షమింపదగినదే. కాని స్టీరింగు ప్రతిదినము చేతికి సాక్ష్యము చెప్పుచుండగా వినక, రోడ్డును దిట్టుట మొదలుపెట్టిన దినమునుండి యా క్షమ చెల్లదు. స్ప్రింగు కోసి రెండువేలు పుచ్చుకొన్న మిస్త్రీ సంగతియు నింతే. అతనికి లెక్క తెలియును; కావున నతని పాలు పెద్దది. “కస్టమరు కోరెను, చేసితిని” అనుట వైద్యుడు రోగి కోరిన విషము నిచ్చితినని చెప్పుటవంటిది.

మా యువకు డెట్టకేలకు పాతచక్రములను దొడిగించి చూచెను. తేలుట సగము తగ్గెను, సగము నిలిచెను. ఆ సగమే యతనిని కోసిన స్ప్రింగుల నొద్దకు నడిపినది. వానిని దీసివైచి, మంచి స్ప్రింగులు వేయించి, బండిని అంగుళమునకు బైగా లేపించెను. రిమ్ములను వెలుపలికి నెట్టుచున్న స్పేసరులను విప్పించి, కొత్తయెత్తున మఱల గొలిపించెను. పెద్దచక్రములను మాత్రము విడువలేదు. ఇప్పుడు నెలకొకమాఱు వంగి, ముందుటైరుల లోపలియంచు వ్రేలితో దడవి, అరుగుదల చూచుకొనుచున్నాడు.