తాడు ఎవరి నిమిత్తము?

వాడరేవు ఇసుకమీద నిలిచి, పడవలు బయలుదేరుట నీవెప్పుడైన చూచితివా? సముద్రముమీదికి పోవువాడు తన తాళ్లను తడవి చూచుకొనును. పీచు లేచిన తాడును తీసివేసి మరియొకటి తెచ్చుకొనును. ఇట్లు చేయుమని ఎవరును అతనికి చెప్పనక్కరలేదు. ఏలయనగా ఆ తాడును నమ్ముకొనియున్నది అతని ప్రాణమే.

ఆ రేవునుండి చీరాల, చిలకలూరిపేట, నరసరావుపేటల మీదుగా పిడుగురాళ్లకు పోవు రోడ్డు కలదు. పంట కాలమున మిరప టిక్కీలును పత్తి బోరాలును ఎత్తిన లారీలు ఈ మైదానములలో అన్ని వైపులకు పోవుచుండును. వీటికిని తాళ్లు కట్టుదురు. అయితే ఒక భేదమున్నది. ఈ తాడు తెగినయెడల సాధారణముగా దెబ్బ తగులునది కట్టినవానికి కాదు, వెనుక వచ్చువానికి. వాడు సైకిలు త్రొక్కుచున్న కూలివాడు కావచ్చును. మోటారు సైకిలుమీద భార్యాబిడ్డలతో పోవువాడు కావచ్చును. వాని పేరు మనమెరుగము. ప్రక్క యింటివాడే మన పొరుగువాడని తలంతుము గాని, ఎన్నడును ముఖము చూడని ఈ మనుష్యునికి మనమేమియు బాకీ లేమా?

సరుకు బరువుగా నున్నది గనుక కదలదని కొందరందురు. అది నిజము కాదు. గంటకు 60 కిలోమీటర్ల చొప్పున పోవు లారీ సెకనుకు ఇంచుమించు 17 మీటర్లు పోవును. బ్రేకు చక్రములను పట్టును గాని పైనున్న సరుకును పట్టదు. అది వచ్చిన వేగముతోనే ముందుకు పోజూచును. మలుపులో ప్రక్కకు జారును. ప్రక్క పలకలు లేని లారీలో దానికి తాడు తప్ప వేరు ఆధారమేది? బిగువైన తాడు సరుకును క్రిందికి అదిమిపట్టి జారనియ్యదు. వదులు తాడు కంటికి కట్టినట్లే కనబడును గాని దేనిని పట్టదు.

నేడు అనేకులు పాలియెస్టరు బెల్టులను, వాటిని బిగించు రాచెట్లను వాడుచున్నారు. అవి మంచివే. అయినను ఎండకు బెల్టు చివుకును, ఉప్పుగాలికి రాచెట్టు తుప్పు పట్టును, పదునైన అంచు బెల్టును కోయును. ముడి వేసిన బెల్టునకు బలము మిక్కిలి తగ్గును.

మరియొక సంగతి. కొంత దూరము పోవుసరికి బస్తాలు అణగును, తాడు వదులగును. అందుచేతనే అమెరికా దేశపు నిబంధనలు, బయలుదేరిన మొదటి 50 మైళ్లలోపల డ్రైవరు ఆగి కట్లను చూచుకొనవలెనని విధించుచున్నవి. బయలుదేరునప్పుడు బిగించిన ముడిని యజమానుడు చూచును. నడిరాత్రి దారిలో ఆగి బిగించిన ముడిని ఎవరు చూతురు?

తాడు ఊడి కీడు సంభవించినప్పుడు, కట్టినది హమాలీ యని యజమానుడనును. పాత తాడిచ్చినది యజమానుడే, నాకు కూలి బస్తాకే గాని ముడికి కాదని హమాలీ అనును. నేను తోలువాడను మాత్రమేయని డ్రైవరనును. వీరి మాటలలో కొంత నిజము కలదు. కూలివానిని తొందరపెట్టి, మంచి తాడు కొనియియ్యక, పిమ్మట నేరమంతయు వానిమీద మోపుట అన్యాయమే. అయినను కూలిని పంచుకొన్నట్లు బాధ్యతను ముక్కలు చేసి పంచుకొనరాదు. అది ముగ్గురిలో ప్రతివానిమీదను పూర్తిగానే యుండును.

1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టమును 2019లో సవరించి, హద్దుమీరి ప్రక్కలకు గాని పైకి గాని పొడుచుకొనివచ్చిన సరుకునకు 20,000 రూపాయల జుల్మానా విధించిరి. ఇది మేలే. అయితే చట్టము కొలత చూడగలదు గాని ప్రతి ముడి బిగువును చూడజాలదు. అది మనస్సాక్షి చూడవలసినది.

చదువరీ, నీకు లారీ లేకపోవచ్చును. ట్రాక్టరుమీద పత్తియో, బండిమీద గడ్డియో వేయుదువు గదా. సరుకు నీదైనయెడల, కట్టువానికి మంచి తాడును, కట్టుటకు తగిన కాలమును, ఆ పనికి కూలిని ఇమ్ము. కట్టువాడవు నీవే యైనయెడల, కట్టిన పిమ్మట వెనుకకు నడచి రోడ్డుమీద నిలిచి నీ సరుకును చూడుము. నీ బిడ్డను ఆ సరుకు వెనుక సైకిలుమీద పోనిత్తువా? పోనియ్యనియెడల, ప్రొద్దుపోయినను సరే, విప్పి మరల కట్టుము.