పొయ్యి గదిలో పొగ కాపలా

అమెరికాలోని తెలుగు ఇళ్లలో పొగ అలారం మొదటిసారి మోగేది చాలావరకు నిప్పంటుకుని కాదు, పులిహోర తాలింపులో ఎండుమిర్చి మాడి! తువ్వాలు పట్టుకుని దాని కింద విసిరే హడావుడి తెలియనివాళ్లు తక్కువ.

కట్టెల స్టవ్ ఉన్న ఇంట్లో చలికాలమంతా అదే గొడవ. కొత్త దుంగ వేద్దామని తలుపు తీయగానే గుప్పున పొగ గదిలోకి వస్తుంది, పైనున్న అలారం కీచుమంటుంది. విసుగెత్తి బ్యాటరీ ఊడబెరుకుతారు. అసలు ప్రమాదం అక్కడే.

ఈ పరికరం పుట్టుకా తమాషాయే. 1930లలో స్విస్ శాస్త్రవేత్త వాల్టర్ యేగర్ విషవాయువును పసిగట్టే యంత్రం కోసం తంటాలు పడ్డాడు. వాయువుకు అది ఉలకలేదు, పలకలేదు. ఆయన వెలిగించిన సిగరెట్ పొగకు మాత్రం మీటరు ముల్లు కదిలింది.

మరి పొగ అలారాన్ని ఎక్కడ బిగించాలి? వంట స్టవ్‌కు కనీసం 10 అడుగుల ఎడం ఉండాలంటుంది అమెరికా అగ్నిభద్రతా సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ. కట్టెల స్టవ్‌కూ అంత దూరం పాటిస్తే ఉత్తుత్తి కేకలు తగ్గుతాయి. ప్రతి పడకగదిలో, దాని బయట, ప్రతి అంతస్తులో ఒకటి ఉండాలి. నివురుగప్పిన నిప్పును ముందుగా కనిపెట్టేది కాంతితో పనిచేసే ఫోటోఎలక్ట్రిక్ రకం. ఇక విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు; దాన్ని పట్టే అలారం కూడా కావాల్సిందే. పొగ అలారం వెనక తయారీ తేదీ ముద్రించి ఉంటుంది. 10 ఏళ్లు దాటితే, ఇంకా మోగుతున్నా సరే, మార్చేయాలి.